కౌలు ఎంత అడగాలి? పక్క చేను రేటు చూడాలా, పంట లెక్క చూడాలా?

తెనాలి_చేను:
అందరికీ నమస్కారం. తెనాలి దగ్గర మాకు మూడున్నర ఎకరాల మాగాణి ఉంది. నాన్న ఉన్నన్నాళ్లూ ఆయనే చూసుకునేవారు, ఇప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటూ నేను చూడాల్సి వస్తోంది. సార్వాకు, అంటే వానాకాలం, వరి, తర్వాత మొక్కజొన్న. మూడేళ్లుగా ఒకాయనే చేస్తున్నారు, ఎకరాకు 28 వేలు ఇస్తున్నారు. ఈసారి పక్క చేను 42 వేలకు పోయిందని ఊళ్లో బాబాయి ఫోన్ చేసి, నువ్వు మరీ అమాయకంగా ఉన్నావు, అడుగు అన్నాడు. అడిగితే మా కౌలు రైతు 30కి మించి తన వల్ల కాదంటున్నాడు. మంచి మనిషి, ఒక్క ఏడాది కూడా బాకీ పెట్టలేదు. 30కి, 42కి మధ్య ఇంత తేడా ఎలా వస్తుందో అర్థం కావట్లేదు. బేరం ఎలా ఆడాలో చెప్పకండి, ఈ అంకె ఎక్కడి నుంచి పుడుతుందో చెప్పండి.

డాలస్_బాపట్ల:
నేనూ మీలాగే దూరంగా ఉండే భూయజమానినే. ఎకరం విలువ ఇవాళ తక్కువలో తక్కువ 60 లక్షలు వేసుకోండి. 30 వేలంటే అర్ధ రూపాయి వడ్డీ కూడా కాదు, ఏడాదికి నూటికి అర్ధ రూపాయి! ఆ డబ్బు బ్యాంకులో వేస్తే నాలుగు లక్షలు వస్తాయి. 42 అడగడంలో తప్పేం లేదు, అదీ తక్కువే.

లెక్కలపుస్తకం:
డాలస్ గారూ, భూమి రేటును పంట నిర్ణయించడం మానేసి చాలా ఏళ్లయింది. రోడ్డు, రాజధాని, వెంచర్లు, విదేశాల నుంచి వచ్చే డబ్బు కలిసి దాన్ని నిర్ణయిస్తున్నాయి. కౌలు మాత్రం పంటలోంచే రావాలి, దానికి ఇంకో దారి లేదు. అరవై లక్షల మీద వడ్డీ చేలో పండదు. మీకు ఆ వడ్డీయే కావాలంటే చేను అమ్మి బ్యాంకులో వేసుకోవాలి తప్ప కౌలు రైతును అడిగితే ఎక్కడి నుంచి తెస్తాడు?

అమ్మా తెనాలి గారూ, నేను సహకార బ్యాంకులో పంట రుణాలు చూసి రిటైరయ్యాను. మీ చేను లెక్క ఒకసారి రాసి చూద్దాం, అంకెలు మీ ఊరి వాళ్లు సరిదిద్దొచ్చు.

ముందు వరి. ఎకరాకు 30 బస్తాలు, అంటే 75 కేజీల బస్తాలు. 2025-26కు సాధారణ రకం మద్దతు ధర క్వింటాకు 2,369, బస్తాకు 1,777 పడుతుంది. కల్లంలో చేతికొచ్చేది అంత ఉండదు. తేమ 17 శాతం దాటితే కోత, తరుగు, హమాలీ అన్నీ పోను 1,650 వేసుకుంటున్నాను. మొత్తం 49,500. ఖర్చు చూస్తే దుక్కి, దమ్ము 6 వేలు, విత్తనం, నారుమడి రెండున్నర, నాట్లు 6, ఎరువులు ఆరున్నర, మందులు 5, కలుపు రెండున్నర, కోత మెషిన్ 4, ఆరబోత, సంచులు, బండి రెండున్నర. ఇవన్నీ కూడితే 35 వేలు. మిగిలేది 14,500.

మొక్కజొన్న, ఇక పొట్టిగా జొన్న అనే రాస్తాను, 35 క్వింటాళ్లు, 2,000 చొప్పున 70 వేలు. విత్తనం నాలుగున్నర, ఎరువులు 10, నీళ్లకు డీజిల్ 5, మందులు మూడున్నర, కూలి 6, కోత, నూర్పిడి 5, బండి 2. మొత్తం 36 వేలు. మిగిలేది 34 వేలు.

రెండూ కలిపి 48,500. ఇది చూసి చాలామంది యజమానులు, చూశారా 42 ఇవ్వొచ్చుగా అంటారు. ఇందులో ఇంకా రెండు తీయాలి. ఆ పెట్టుబడి 71 వేలు అతను బీరువాలోంచి తీయలేదు, నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తాడు. వరికి ఆరు నెలలు, జొన్నకు అయిదు నెలలు వేస్తే 7,800 అవుతుంది. రెండోది అతనూ, భార్యా చేలో పడ్డ కష్టం. దానికి ఏడాదికి ఎకరాకు పది వేలు వేయడం ఎక్కువేం కాదు. ఇవి పోతే 30,700.

మీ కౌలు రైతు 30 అంటున్నాడంటే లెక్క తెలిసిన మనిషి.

తెనాలి_చేను:
ఇంత వివరంగా రాసినందుకు చాలా థాంక్స్ అండీ. మరి 42కి పట్టినవాడు ఏ లెక్కన పట్టాడు? అతనికేమైనా పిచ్చా?

కౌలురైతు_కొల్లిపర:
అక్కా, పిచ్చేం కాదు. నేను తొమ్మిదెకరాలు కౌలుకు చేస్తాను, సొంతం అరెకరం. 42కి పట్టేవాళ్లు మా ఊళ్లో రెండు రకాలు. ఒకడికి సొంత ట్రాక్టర్ ఉంటుంది, ఇంట్లో ఎదిగిన కొడుకులుంటారు. దుక్కి, దమ్ము, బండి ఖర్చులో అతనికి పడేది డీజిలే. పైగా ట్రాక్టర్ కిస్తీ కట్టాలంటే దానికి ఎకరాలు కావాలి, ఇంటి ముందు ఊరికే నిలబెడితే కిస్తీ ఆగదు కదా. మాస్టారు రాసిన లెక్కలో అతనికి ఎకరాకు ఏడెనిమిది వేలు తక్కువ ఖర్చవుతుంది, దాన్ని తీసుకెళ్లి కౌల్లో పెడతాడు. రెండో రకం వాడు పోయిన ఏడాది రేటు చూసి పట్టేవాడు. జొన్న 2,300 పలికిన ఏడాది తర్వాత వచ్చే ఉగాదికి చూడండి, రచ్చబండ దగ్గర కౌళ్లు ఎట్లా లేస్తాయో.

ఇంకో సంగతి. మా నాన్న రోజుల్లో మా ఊళ్లో కౌలంటే వరి మీదే. రెండో పంట మినుము రైతుదే, దాని జోలికి భూమి ఆసామి వచ్చేవాడు కాదు. మినుముకు పల్లాకు తెగులు వచ్చి దెబ్బతిని, అందరూ మొక్కజొన్నకు మారాక, నాలుగు డబ్బులు కనపడేసరికి ఆ రెండో పంట కూడా కౌల్లో కలిసిపోయింది. జొన్న తెచ్చిన లాభంలో సగానికి పైగా కౌలే తినేసింది, పంట మార్చి కష్టపడింది మాత్రం మేము.

లెక్కలపుస్తకం:
తమ్ముడు చెప్పింది అసలు విషయం. పైన నేను రాసిన లెక్కలో జొన్న రేటు ఒక్కటి మార్చి చూడండి. 2,000 బదులు 2,300 వేస్తే 35 క్వింటాళ్లకు 10,500 పెరుగుతుంది, మిగిలేది 41,200 అవుతుంది. అదే 42 వేల మూలం. 1,800కు పడితే 7 వేలు తగ్గి 23,700 మిగులుతుంది. ధర నూటికి పదిహేను పెరిగితే కౌలు కట్టగలిగే శక్తి నూటికి ముప్పై నాలుగు పెరిగింది. కిందికి పడ్డప్పుడూ అంతే వేగంగా పడుతుంది. ఖర్చు మొత్తం ముందే పెట్టేసి ఉంటుంది కాబట్టి ధరలో వచ్చే ప్రతి ఒడుదొడుకూ చివర్న మిగిలే ఆ ముక్క మీదే పడుతుంది. కౌలు ఆ ముక్కలోంచే తీయాలి.

కానీ కౌలు కాగితం జూన్‌లో రాసుకుంటారు, ధర తెలిసేది మార్చి, ఏప్రిల్‌లో. చిక్కంతా ఈ తొమ్మిది నెలల్లో ఉంది.

పల్నాడు_ఘాటు:
ఈ తొమ్మిది నెలల సంగతి మా మిర్చి వాళ్లను అడగండి. 2021-22లో నల్ల తామర పురుగు వచ్చి పూత పూతంతా రాలిపోయింది. గుంటూరు, ఖమ్మం, వరంగల్ అన్ని చోట్లా తోటలు దున్నేసినవాళ్లున్నారు. పంట లేక రేటు పెరిగింది, ఆ తర్వాతి సీజన్‌లో గుంటూరు యార్డులో క్వింటా 20 వేలు దాటింది. రేటు పెరిగింది జనం నష్టపోయినందువల్ల! కానీ కౌళ్లు మాత్రం ఆ రేటును పట్టుకుని లేచాయి. మా వైపు ఎకరం 50 వేలు, నల్లరేగడి, నీళ్లుంటే అంతకన్నా ఎక్కువ, అదీ ముందే చేతిలో పెట్టాలి.

మిర్చికి ఎకరాకు రెండు లక్షల పెట్టుబడి అవుతుంది. నారు, మల్చింగ్, మందులు సరే, ఒక్క కోత కూలీనే ఎంతవుతుందో పండించినవాళ్లకు తెలుసు. 20 క్వింటాళ్లు పండి 20 వేలు పలికితే నాలుగు లక్షలు వస్తాయి, రెండు లక్షలు మిగులుతాయి. 50 వేల కౌలు కళ్లు మూసుకుని కట్టొచ్చు. అదే 20 క్వింటాళ్లు 11 వేలకు పోతే 2 లక్షల 20 వేలు. ఖర్చు పోను 20 వేలు మిగిలింది, 50 వేల కౌలు ఎప్పుడో కట్టేశాం. 2025 ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద 11,781 అని ధర ప్రకటించిందంటే బయట ఎంత పడిపోయిందో చూడండి. మా పక్క వీధిలో ఆరెకరాలు కౌలుకు పెట్టినాయన సరుకంతా కోల్డ్ స్టోరేజీలో పెట్టి, స్టోరేజీ బాండు మీద అప్పు తెచ్చి, ఆ అప్పుతో పాత అప్పు వడ్డీ కడుతున్నాడు.

ఈసారి మా ఊళ్లో మిర్చి చేలు అడిగేవాళ్లు లేరు. 50 నుంచి 30కి దిగాయి. కానీ దిగేలోపు ఒక పూర్తి సీజన్ నష్టం కౌలు రైతు మీద పడిపోయింది. పెరిగేటప్పుడు ఉగాదికే పెరుగుతుంది, తగ్గేటప్పుడు ఒకడు దివాళా తీశాకే తగ్గుతుంది.

ఒంగోలు_బ్యారన్:
మా పొగాకు దగ్గరా ఇదే వరస. 2024 వేలంలో కిలో మూడొందలు దాటిన రోజులు చూశాం. వెంటనే చేను కౌలు పెరిగింది, ఆకు కాల్చి ఆరబెట్టే బ్యారన్ అద్దె అంతకు మించి పెరిగింది, ఎందుకంటే చేలు ఎన్నైనా దొరుకుతాయి గానీ లైసెన్స్ ఉన్న బ్యారన్‌లు అన్నే ఉంటాయి. ఏది కొరతగా ఉంటే లాభం దాని యజమాని దగ్గరికి పోతుంది. అటు పర్చూరు వైపు బర్లీ రకం పొగాకు వేసినవాళ్ల గతి 2025లో ఏమైందో అందరూ చూశారు, కొనేవాడు లేక మార్క్‌ఫెడ్‌తో ప్రభుత్వమే కొనాల్సి వచ్చింది. వాళ్లలో కౌలుకు చేసినవాళ్లూ ఉన్నారు.

కోనసీమ_రాజోలు:
మాకు నగదు కౌలు తక్కువండీ, మక్తా, అంటే కౌలు, బస్తాల్లోనే. సార్వాకు పది పన్నెండు బస్తాలు, దాళ్వాకు, అంటే రెండో కారు వరికి, పద్దెనిమిది నుంచి ఇరవై. కాబట్టి ధర పడితే యజమానికీ పడుతుంది, లేస్తే ఆయనకీ లేస్తుంది. ఆ మేరకు ఇది మీ నగదు పద్ధతి కన్నా న్యాయం.

తెనాలి_చేను:
అంటే బస్తాల్లో అడిగితే సరిపోతుందా?

కోనసీమ_రాజోలు:
అక్కడికే వస్తున్నానండీ. ధర వరకు సరే, ఖర్చు మాటేంటి? 2014లో మద్దతు ధర 1,360, బస్తా 1,020 రూపాయలు. 2025-26లో 1,777. పన్నెండు బస్తాల మక్తా అప్పుడు 12 వేల చిల్లర, ఇప్పుడు 21 వేలు దాటింది. యజమాని దగ్గర బస్తాల సంఖ్య మారలేదు, డబ్బు మాత్రం దాదాపు ముప్పావు వంతు పెరిగింది. ఈ మధ్యలో ఊడ్పు కూలి, కోత మెషిన్, మందులు, ఎరువులు ఎంత పెరిగాయో చూడండి. యూరియా కట్ట 45 కేజీలు 266 రూపాయల 50 పైసల దగ్గరే ఉంది, అది ప్రభుత్వం మోస్తోంది కాబట్టి. డీఏపీ 1,350. మిగతా ఏదీ పాత ధర దగ్గర లేదు. ధర పెరిగింది ఖర్చులు పెరిగినందుకే కదా? ఆ పెరిగిన ధరలో వాటా యజమానికి వెళ్లింది, పెరిగిన ఖర్చులో ఆయన వాటా సున్నా.

2011 ఖరీఫ్‌లో మా కోనసీమ పంట విరామం ప్రకటించింది గుర్తుందా? చేతికొచ్చేది ఖర్చుకు కూడా చాలక వేలకు వేల ఎకరాలు బీడు పెట్టాం. ప్రభుత్వం మోహన్ కందా కమిటీ వేసింది. ఆ ఏడాది మా ఊళ్లో చాలామంది యజమానులు మక్తాలో రెండు మూడు బస్తాలు తగ్గిస్తామని ముందుకొచ్చారు. చేను ఖాళీగా ఉంటే కాలవలు పూడిపోతాయి, గడ్డి లేస్తుంది, మక్తా పూర్తిగా సున్నా. కౌలు రైతు వదిలేసి పోగలడు అన్న సంగతి నిజంగా కళ్ల ముందు కనపడ్డప్పుడే కౌలు తగ్గుతుంది.

డాలస్_బాపట్ల:
సరే, ఒక ప్రశ్న. అంత నష్టమైతే మానేయొచ్చు కదా? ప్రతి ఏడాది మళ్లీ పోటీ పడి పట్టేది కౌలు రైతులే. యజమాని ఎవరి చేతా బలవంతంగా పట్టించట్లేదు.

కౌలురైతు_కొల్లిపర:
అన్నా, మానేసి ఏం చేయాలి? నాకు నలభై ఆరేళ్లు. గేదెలున్నాయి, వాటికి వరిగడ్డి కావాలి, చొప్ప కావాలి. చేను లేకపోతే గడ్డి కొనాలి, కొంటే పాలల్లో ఏమీ మిగలదు. ఎరువుల షాపులో పాత బాకీ ఉంది. ఈ ఏడు కూడా చేస్తేనే మళ్లీ అప్పుగా మందులిస్తాడు, చేయనంటే పాతది ఇప్పుడే కట్టమంటాడు. మా ఇంట్లో ఇద్దరం రోజూ చేలో పనిచేస్తాం, దానికి కూలి వేసుకోం. వేసుకుంటే ఏ చేనూ పట్టలేం. మాస్టారు రాసిన ఆ పది వేలు మా కష్టం, దాన్నే మేము వేలంలో పెడుతున్నాం. మేము తగ్గితే ఇంకొకడు పడతాడు, వాడి ఇంట్లోనూ ఇదే పరిస్థితి.

లెక్కలపుస్తకం:
ఈ మాటకు ఇంకోటి కలుపుతాను. వ్యవసాయ ఖర్చులు, ధరల కమిషన్ 2025-26లో వరికి వేసిన ఖర్చు క్వింటాకు 1,579, దాని మీద సగం కలిపి 2,369 ఇచ్చారు. చేతి నుంచి పెట్టిన ఖర్చు, ఇంటిల్లిపాది శ్రమ అందులో ఉన్నాయి. కౌలుకు చేసేవాళ్లు కట్టిన కౌలు కూడా ఉంటుంది, కానీ దేశం మొత్తం సగటులో. సొంత భూమి చేసే రైతులే ఎక్కువ కాబట్టి ఆ సగటులో కౌలు చాలా పల్చబడిపోతుంది. మన డెల్టాలో కౌలు ఒక్కటే పంట విలువలో పావు వంతు నుంచి మూడో వంతు దాకా పోతుంది. అందుకే మద్దతు ధర పెంచిన రోజున టీవీలో రైతుకు ఖర్చు మీద సగం లాభం అని చెబుతుంటే కౌలు రైతుకు అది తన గురించి అనిపించదు. పైగా ఆ పెరిగిన ధర వచ్చే ఉగాదికి కౌల్లో చేరిపోతుంది.

ఎగుమతుల సంగతీ అంతే. 2023 జులైలో బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతి ఆపారు, 2024 సెప్టెంబరులో మళ్లీ వదిలారు. ఎక్కడో ఢిల్లీలో ఒక నోటిఫికేషన్ వస్తే మిల్లరు రేటు మారుతుంది, కౌలు కాగితం మీద అంకె మారదు.

మానేరు_ఒడ్డు:
కరీంనగర్ నుంచి. మా దగ్గర లెక్క కొంచెం వేరే ఉంటది. కౌలు మీ అంత లేదు, రెండు పంటలకు ఎకరాకు 15 నుంచి 20 వేలు, పత్తి వేసే మెట్ట చెలకలైతే ఇంకా తక్కువ. నీళ్లే ఇక్కడ రేటు పెట్టేది. 2018 జనవరి నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు వచ్చింది, బోరున్న భూమికి కౌలు పెరిగింది. ఆ కరెంటు లాభం రైతుకు మిగిలిందని అందరూ అనుకుంటరు, మిగిలింది బోరు ఎవరి పేరు మీదుందో వాళ్లకు.

రైతుబంధు వచ్చినప్పుడు నేననుకున్నా, యజమానికి ప్రభుత్వమే ఎకరాకు డబ్బులిస్తోంది కదా, కౌలు కొంతైనా తగ్గిస్తరని. ఒక్కరూ తగ్గించలే. ఎందుకు తగ్గిస్తరు, సాగు చేసినా చేయకపోయినా పట్టా ఉంటే వచ్చే పైసలు అవి, కౌలుతో సంబంధమే లేదు. ఇప్పుడు రైతు భరోసా సీజన్‌కు 6 వేలు, అదీ పట్టాదారుకే. కానీ సన్న వడ్లకు క్వింటాకు 500 బోనస్ అన్నరు చూడండి, అది పంటకు ముడిపడ్డది. ఎకరాకు 25 క్వింటాళ్లకు 12,500. నేను పట్టిన చేను యజమాని ఆ వార్త విన్న వారంలోనే ఫోన్ చేసి, ఈసారి మూడు వేలు ఎక్కువ ఇవ్వాలె అన్నడు. సన్న రకానికి మందులు ఎక్కువ, దిగుబడి తక్కువ అని చెప్పినా వినలే. భూమికిచ్చే సాయం భూమి ఉన్నోనికే ఉండిపోతది, పంటకిచ్చే సాయంలో కూడా కౌలు రూపంలో కొంత అటే పోతది. పంట మాత్రం నేను పండించాలె.

భీమవరం_చెరువు:
మా వైపు వరి కౌలును వరి నిర్ణయించదండీ, రొయ్య నిర్ణయిస్తుంది. పక్కన చెరువులకు లీజు వరి కౌలు కన్నా రెండింతలు, మూడింతలు పలుకుతుంటే యజమాని వరికి ఎందుకిస్తాడు? 2025 ఏప్రిల్‌లో అమెరికా సుంకాల మాట రాగానే రొయ్యల రేటు ఎలా పడిందో, లీజు పట్టినవాళ్లు ఎంత టెన్షన్ పడ్డారో చూశాం. చెరువుగా తవ్విన చేనును మళ్లీ వరికి తేవడం మాత్రం మాటలు కాదు, ఉప్పదనం ఏళ్ల తరబడి పోదు. యజమానులు ఆ లెక్క కూడా వేసుకోవాలి.

తెనాలి_చేను:
ఇవన్నీ చదివాక బాబాయికి ఫోన్ చేసి 42కి పట్టినాయన ఎవరని అడిగాను. కొల్లిపర అన్న చెప్పినట్టే, సొంత ట్రాక్టర్, సొంత కోత మెషిన్, ముప్పై ఎకరాలకు పైనే చేస్తున్నాడట. అంటే ఆయన రేటు మా రైతుకు పెట్టడం అన్యాయమే.

నేను 42 అడగను. కానీ నాకూ ఒక బాధ్యత ఉంది, అమ్మ మందులకు ఈ కౌలు డబ్బే వాడతాం. జొన్న రేటు నిజంగా బాగా వచ్చిన ఏడాది అందులో నాకు కొంత రావాలని అనుకోవడం తప్పా? పడిపోయిన ఏడాది తగ్గించుకోవడానికి నేను సిద్ధమే. అలా రాసుకోవచ్చా?

ఇంకొకటి. మా రైతు పంట సాగుదారు హక్కు పత్రం మీద సంతకం అడుగుతున్నాడు. బాబాయి వద్దంటే వద్దంటున్నాడు, భూమి పోతుందని.

లెక్కలపుస్తకం:
ముందు సంతకం సంగతి. అది 2019 చట్టం ప్రకారం ఇచ్చేది, పదకొండు నెలలకే. పంట మీద హక్కు మాత్రమే, భూమి మీద ఏ హక్కూ రాదని ఆ చట్టంలోనే ఉంది. పాత 1956 కౌలు చట్టం భయంతో పెద్దవాళ్లు ఇప్పటికీ నోటి మాటతోనే నడుపుతున్నారు. దానివల్ల నష్టం ఇద్దరికీ. చూడండి, అతను నెలకు నూటికి రెండు చొప్పున కడుతున్న వడ్డీ ఎకరాకు 7,800. అదే బ్యాంకు పంట రుణం ఏడాదికి 7 శాతానికి దొరికితే సుమారు 2,300 అవుతుంది. ఎకరాకు 5,500 మిగులు మీ ఒక్క సంతకంతో! అందులోంచి రెండు వేలు మీకు ఎక్కువ ఇచ్చినా అతనికి మూడున్నర వేలు లాభమే. ఆ హక్కు పత్రం కార్డు ఉన్నంత మాత్రాన అన్ని బ్యాంకులూ అడిగినంత ఇస్తాయని చెప్పను, తిరగాలి, గ్రూపుగా అడిగితే పని అవుతుంది. కానీ కార్డు లేకపోతే అసలు గడప కూడా తొక్కలేడు. పంట నష్ట పరిహారానికి, ధాన్యం తన పేరు మీద అమ్ముకోవడానికీ అదే ఆధారం.

కౌలు రాతకు ఒక పద్ధతి చెబుతాను. జొన్న 2,000 ఉంటే ఎకరాకు 29 వేలు అని రాసుకోండి. 2,000 పైన ఎంత పలికితే ఆ ఎక్కువలో సగం మీకు, కింద ఎంత పడితే ఆ తక్కువలో సగం మీరు వదులుకోవాలి. 35 క్వింటాళ్ల మీదే లెక్క, ఎక్కువ పండించుకుంటే అది అతని కష్టం. 2,300 పలికితే మీకు 34,250 వస్తుంది, 1,800కు పడితే 25,500. రెండూ అతను మోయగలిగినవే. ఆఖరిదానికి కొంచెం ఇబ్బంది పడతాడు, అయినా మునిగిపోడు.

కౌలురైతు_కొల్లిపర:
పద్ధతి బాగుంది మాస్టారూ. ఒక్క మాట, కౌలు ఎప్పుడు కట్టాలి అన్నది కూడా కౌలే. 30 వేలు జూన్‌లో కట్టమంటే పది నెలలు ముందు, రెండు రూపాయల వడ్డీ చొప్పున ఇంకో 6 వేలు. అంటే 36 వేల కౌలు. యజమానులకు ఇది కనపడదు. అక్కా, వరి అమ్మాక సగం, జొన్న అమ్మాక సగం తీసుకోండి. ముందు డబ్బు కావాలంటే మాత్రం ఆ మేరకు తగ్గించాలి.

పల్నాడు_ఘాటు:
రేటు ఏ రోజుది తీసుకుంటారో కూడా రాసుకోండి. లేకపోతే ఆయన అమ్మిన రోజు 1,900, మీ బాబాయి పేపర్లో చూసిన రోజు 2,150, అక్కడ గొడవ మొదలవుతుంది. అమ్మిన రోజు కాటా చీటీ మీద ఉన్న రేటే ప్రమాణం అనుకోండి. తేమ ఎంత, తరుగు ఎంత అన్నీ ఆ చీటీలోనే ఉంటాయి, ఫోటో తీసి పంపమంటే పంపుతాడు.

తెనాలి_చేను:
నిన్న ఆదివారం ఊరికి వెళ్లి మాట్లాడాను. వాళ్లావిడ కూడా కూర్చుంది, అసలు లెక్కలన్నీ ఆమె దగ్గరే ఉన్నాయి, పాత క్యాలెండర్ల వెనక రాసిపెట్టుకుంది. దుక్కి ఎంత, నాట్లకు ఎంతమంది, ఎరువుల షాపులో ఏ తేదీన ఏం తెచ్చారు, అన్నీ. ఎకరాకు ఖర్చు మాస్టారి లెక్క కన్నా రెండు వేలు ఎక్కువే తేలింది, పోయిన సార్వాలో మందు ఒకసారి ఎక్కువ కొట్టాల్సి వచ్చిందట. 28 వేల దగ్గర మొదలుపెట్టి, పైన సగం, కింద సగం అని రాసుకున్నాం. సగం సంక్రాంతికి, సగం జొన్న అమ్మాక. హక్కు పత్రం మీద సంతకం పెట్టాను. బాబాయి మాట్లాడట్లేదు, మెల్లగా చెబుతాను.

వాళ్లావిడ ఒకటి అడిగింది, నాకు జవాబు తెలియలేదు. కోతల ముందు తుపాను వచ్చి వరి పడిపోతే అప్పుడు ఎట్లా అని. రేటు గురించి రాసుకున్నాం గానీ పంటే లేకపోతే ఏమిటన్నది రాసుకోలేదు.

కోనసీమ_రాజోలు:
మా దగ్గర వాడుక చెబుతానండీ. పడిపోయిన చేను ఇద్దరూ కలిసి గట్టు మీద నిలబడి చూస్తారు, ఊళ్లో ఇద్దరు పెద్దమనుషులు కూడా ఉంటారు. కోయించిన చోటే బస్తాలు లెక్కపెడతారు. మామూలు దిగుబడిలో సగానికి తగ్గితే ఆ పంట మక్తా సగం, కోత ఖర్చు కూడా రాకపోతే ఆ పంటకు మక్తా లేదు. మీది రెండు పంటల కౌలు కాబట్టి, 28లో వరి వాటా ఎంతో ముందే విడగొట్టి రాసుకోండి, పదో పన్నెండో వేలు. రాసేటప్పుడు కోతకు ముందు యజమానికి కబురు చేయాలి అన్న షరతు పెట్టండి, కోసేశాక చెబితే ఎవరూ ఏమీ తేల్చలేరు. పరిహారం వస్తే ఎవరికన్నది కూడా ఆ కాగితంలోనే ఉండాలి, పెట్టుబడి పెట్టింది అతనే కాబట్టి అతనికే అని.

తెనాలి_చేను:
వరికి 10, జొన్నకు 18 అని విడగొట్టి, మీరు చెప్పిన రెండు షరతులూ కలిపి కాగితం మళ్లీ రాయిస్తున్నాను. పరిహారం అతనికే. నారుమడి ఈ వారమే పోస్తున్నారట.